తల్లి అజాగ్రత్త

మూడోసారి తన కూతురు పిచ్చుకను ఆసుపత్రిలో చేర్చిన ఐదో రోజున అక్క ఆ ఫైలు తెరిచింది. ఎప్పుడూ మంచం కాళ్ళవైపు కొక్కేనికి వేలాడే ఫైలు అది. నర్సు ఎక్స్‌రేకి కావలసిన కాగితమేదో అందులోంచి తీసుకుని, దాన్ని తిరిగి తగిలించకుండా దుప్పటి మీదే వదిలేసి వెళ్ళింది. పిల్ల నోట్లో గొట్టం, ఛాతీ మీద మూడు తీగలు. యంత్రం ఊపిరి పోస్తుంటే ఆ చిన్న పొట్ట లేస్తూ పడుతూ ఉంది. చెయ్యడానికి వేరే పనేమీ లేక అక్క పేజీలు తిప్పింది.

మూడో పేజీలో మందుల పట్టికకు పైన, వాలుగా ఉన్న చేతిరాతలో, ఒక వాక్యం ఉంది. "పదే పదే ఇన్ఫెక్షన్. కారణం: తల్లి అజాగ్రత్త."

అక్క ఫైలు నా ముందుకు జరిపింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు.

"ఎవరి రాత ఇది?" అని అడిగింది.

పెద్ద డాక్టరుదని చెప్పాను.

"నన్ను ఆయన ఎన్నిసార్లు చూశాడో తెలుసా? మూడుసార్లు. అందులో రెండుసార్లు ఫోను మాట్లాడుతూ చూశాడు."

ఆ తర్వాత సాయంత్రం దాకా నోరు మెదపలేదు. మా అక్కది అరిచే కోపం కాదు. చిన్నప్పుడు ఆమె రంగు పెన్సిళ్ళు నేను విరగ్గొడితే వారం రోజులు నాతో మాట్లాడలేదు. జడ మాత్రం రోజూ వేసింది. ఎంత బిగించి వేసిందంటే బడిలో కళ్ళు ఆర్పడానికి కూడా కష్టమయ్యేది.

పిచ్చుక పుట్టక ముందు నుంచీ అక్క రైల్వే స్టేషన్లో టికెట్ల కౌంటరు మీద పని చేసేది. అద్దం కింద ఉన్న కన్నంలోంచి రోజంతా చేతులు వస్తూ ఉంటాయి. ముఖం చూడకుండానే ఆ చేయి ఎక్కడికి వెళ్తుందో చెప్పగలనని గొప్పలు పోయేది. తడబడుతూ వచ్చే చేయి మొదటిసారి ప్రయాణం చేసేవాళ్ళది, గుప్పిట విప్పనిది ముసలివాళ్ళది, లోపలికి మోచేతిదాకా దూసుకొచ్చేది రైలు తప్పిపోతున్నవాడిది. పండగ రద్దీలో కూడా ఆమె వరుసే అందరికంటే తొందరగా కదిలేది. పొరుగు కౌంటరు మనిషి టీకి వెళ్తే రెండు వరుసలూ తనే నడిపేది. ఇంట్లో ఎవరైనా దాన్ని చిన్న ఉద్యోగమంటే అక్కకు చుర్రుమనేది.

పిచ్చుకకు ఏడాది నిండిన కొత్తలో మొదటిసారి జలుబు చేసింది. ముక్కు కారడం, కాస్త దగ్గు. ఇంటింటా పిల్లలకు వచ్చేదే. నాలుగో రోజుకల్లా పెదాలు నీలంగా మారాయి. పదకొండు రోజులు యంత్రం మీద ఉంచారు. ఏ సూక్ష్మజీవి అని పరీక్ష చేస్తే, మామూలు జలుబు వైరసే అన్నారు. ఆరు నెలలకు మళ్ళీ అదే కథ. అదే వైరసు కుటుంబం, అదే యంత్రం, కాకపోతే ఈసారి పద్నాలుగు రోజులు.

రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో లెక్క తేలిపోయింది. అక్క అత్తగారు చెడ్డమనిషి కాదు. మనవరాలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ ప్రాణం మీదికి వచ్చేసరికి ఎవరినో ఒకరిని అనకపోతే ఆమెకు నిద్రపట్టదు. "ఊళ్ళో వాళ్ళ చేతులన్నీ పట్టుకుని వస్తుంది. ఆ రోగాలన్నీ పసిదాని మీద రుద్దుతుంది" అని పక్కింటివాళ్ళ దగ్గర అన్నారు. వినపడాలనే అన్నారు. మా బావ లిఫ్టు మెకానిక్కు. పది అంతస్తుల గొయ్యిలో తాడు మీద వేలాడుతూ పని చేసేటంత ధైర్యం ఉన్నవాడు, వాళ్ళమ్మ ముందు మాత్రం నోట్లో నాలుక లేనివాడు. విననట్టు ఊరుకున్నాడు.

ఇక నేను. నేను వైరసుల మీద పరిశోధన జరిగే ల్యాబులో పని చేస్తాను. ప్లాస్టిక్ పళ్ళేల్లో మనిషి కణాలను పెంచడం నా పని. రోజు విడిచి రోజు గులాబీ రంగు ద్రవం మార్చాలి, వెచ్చటి పెట్టెలో ఉంచాలి, కిక్కిరిసిపోతే వేరు చేసి కొత్త పళ్ళేల్లో నాటాలి. చేతి శుభ్రం తప్పితే నెల రోజుల కష్టం బూజు పాలవుతుంది. అందుకని శుభ్రం విషయంలో ఎవరికైనా పాఠాలు చెప్పే హక్కు నాకుందనుకునేదాన్ని. అక్కకు చెప్పాను. బయటి నుంచి రాగానే స్నానం, బట్టలు విడిగా, గోళ్ళ కింద బ్రష్షు, ఇలా పన్నెండు నియమాలు రాసి ఆమె వంటింటి తలుపుకు అతికించాను. అక్క అన్నీ పాటించింది. చేతులు పగిలి, వేలి కణుపుల దగ్గర రక్తం వచ్చేదాకా కడిగింది. అయినా నేను ఒకరోజు అన్నాను, పిల్ల పెద్దయ్యేదాకా ఉద్యోగం మానెయ్యరాదూ అని. నెల తిరక్కుండానే మానేసింది. కౌంటరు తాళంచెవి అప్పగించి వచ్చిన రోజున ఆ నియమాల కాగితం తలుపు మీంచి చింపి పారేసింది.

ఉద్యోగం మానేసిన ఏడు నెలలకు, అక్క గడప దాటకుండా ఉన్నా, పిచ్చుకకు మూడోసారి వచ్చింది.

ఫైలు చదివిన మర్నాడు నేను ల్యాబులో పళ్ళేలు మారుస్తూ ఒక విషయం దగ్గర ఆగిపోయాను. అంతకుముందు చలికాలంలో అక్కవాళ్ళింట్లో అందరికీ ఫ్లూ వచ్చింది. పరీక్షలో తేలిన అసలైన ఫ్లూ. బావ పది రోజులు మంచం దిగలేదు. అత్తగారికి సెలైను ఎక్కించారు. పిచ్చుకకూ వచ్చింది. మూడో రోజుకి లేచి, పడుకున్న తండ్రి పొట్ట మీదెక్కి గుర్రం ఆట ఆడింది. తల్లి అజాగ్రత్త వల్ల జబ్బు పడే పిల్లయితే ఫ్లూకి పడిపోవాలి కదా. పెద్దవాళ్ళను పడగొట్టిన ఫ్లూను విదిలించుకున్న పిల్ల, చీది పారేసే జలుబుకు ఎందుకు చావు అంచుకు వెళ్తోంది?

అది నా కళ్ళ ముందే జరిగింది. ఏడాది పాటు అది నా బుర్రకు తట్టలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళి పెద్ద డాక్టరు గదిలో నిలబడి ఇదే చెప్పాను. లోపం ఇంట్లో కాదు, కణంలో ఉండి ఉండొచ్చు, పరీక్షించండి అన్నాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ల్యాబులో నేనేం చేస్తానని అడిగాడు. కణాలు పెంచుతానని చెప్పాను.

"అయితే మీరు కణాలు పెంచండి. పిల్లల్ని పెంచడం మీ అక్కగారికి నేర్పండి. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇలాంటి ఇళ్ళు."

ఇలాంటి ఇళ్ళు అంటే ఎలాంటివని అడుగుదామనుకున్నాను. అడగకుండానే బయటికి వచ్చేశాను. మెట్లు దిగి నేరుగా ల్యాబుకు వెళ్ళాను.

మా ల్యాబు అధిపతి ఒక పెద్దావిడ. ఆమె నవ్విన రోజును మేము క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటాం. మేడమ్ నేను చెప్పిందంతా విని, పిల్ల పేరు చెప్పకుండా ఏ వైరసుకు ఎన్ని రోజులు పట్టిందో బోర్డు మీద రాయమంది. రాశాను. ఆ తర్వాత నాకు తెలిసిన సంగతినే, బడిపిల్లకు చెప్పినట్టు, మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది.

జలుబు వైరసు కణంలోకి దూరాక చేసే పని తన నకళ్ళు తీసుకోవడం. దాని సరుకంతా ఒంటిపోగు ఆర్ఎన్ఏ. నకలు తీసేటప్పుడు పాత పోగు, కొత్త పోగు పెనవేసుకుని కాసేపు పొడవాటి జంటపోగుగా ఉంటాయి. మన కణాల్లోనూ ఆర్ఎన్ఏ బోలెడుంటుంది గానీ అంత పొడుగు జంటపోగు ఉండదు. అది కనపడిందంటే దొంగ ఇంట్లో ఉన్నట్టే. కణంలో దాన్ని కనిపెట్టడానికే ఒక ప్రొటీను ఉంది. జంటపోగు పొడవునా వరుసగా అతుక్కుని, ప్రమాదమని లోపలికి కబురు పంపుతుంది. కణం వెంటనే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీను తయారుచేసి బయటికి వదులుతుంది. ఆ కబురు అందిన చుట్టుపక్కల కణాలు వైరసుకు పని చేసిపెట్టే యంత్రాంగాన్ని ఆపేసి, ఆర్ఎన్ఏను కత్తిరించే ఎంజైములను సిద్ధం చేసుకుంటాయి. ఒంట్లో రక్షక దళాలు బయల్దేరి వచ్చేదాకా ఆ నాలుగు రోజులూ మనిషిని కాపాడేది ఇదే. ఫ్లూ ఆర్ఎన్ఏను గుర్తుపట్టేది దీని తోడబుట్టిందనదగ్గ వేరే ప్రొటీను. అది జంటపోగు పొడవు చూడదు, పోగు కొస చూసి పడుతుంది.

"ఒకటి పనిచేస్తూ ఒకటి పనిచెయ్యకపోతే మీ బోర్డు మీద ఉన్నదే జరుగుతుంది" అంది మేడమ్. "కానీ అనుకుంటే చాలదు. చర్మం ముక్క కావాలి. పిల్ల వాళ్ళ రోగి. ఆ డాక్టరు సంతకం లేకుండా నేను ముట్టుకోను. నువ్వు పిల్లకు పిన్నివి కాబట్టి, ఏ గొట్టంలో ఎవరి కణాలున్నాయో నీకు తెలియకుండా చేస్తాం. సరేనా?"

సరేనన్నాను. మేడమ్ ఉత్తరం రాసింది. అక్క, బావ ఒప్పుకుంటూ సంతకాలు పెట్టారు. కాగితం పెద్ద డాక్టరు బల్ల మీదికి వెళ్ళి అక్కడే కూర్చుంది.

అప్పుడు అక్క కూడా కూర్చుంది. ఆయన గదికి ఎదురుగా ఇనప కుర్చీలో, పొద్దున్న ఎనిమిదికి, ఆయన తలుపు తీసుకుని లోపలికి వెళ్ళడం కనపడేలా. ఏమీ అడిగేది కాదు. నమస్కారం పెట్టేది కాదు. ఆయన రౌండ్లకు వెళ్తే పిల్ల దగ్గరికి వెళ్ళేది, ఆయన తిరిగొస్తే మళ్ళీ వచ్చి కూర్చునేది. మూడో రోజున ఆయన ఎందుకిక్కడ అని అడిగితే, సంతకం కోసం అంది. ఆరో రోజున ఆయన సెక్యూరిటీ మనిషిని పంపించాడు. ఆ మనిషి ఒకప్పుడు రోజూ రైల్లో వచ్చేవాడట. అక్క ముఖం గుర్తుపట్టి, మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు. అలా కూర్చున్న పదకొండో రోజుకు పిచ్చుకకు గొట్టం తీసేశారు. ఇంకో వారంలో ఇంటికి పంపేస్తారనగా ఆయన తలుపు తీసి, ఇది తేలకపోతే ఇక నన్ను వదిలేస్తారా అని అడిగాడు. తేలకపోతే వదిలేస్తానంది అక్క. నిలబడే సంతకం పెట్టాడు.

మణికట్టుకు పైన, కందిగింజంత చర్మం తీశారు. ఆ ముక్క చుట్టూ కణాలు పాకడానికి పన్నెండు రోజులు, పళ్ళెం నిండడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. పళ్ళేల మీద పేర్ల బదులు అంకెలున్నాయి. ఒక అంకె పిచ్చుకది, రెండు అంకెలు మా స్టాకులో ఉన్న ఎవరో ఆరోగ్యవంతులైన పిల్లలవి. అన్నీ ఒకేలా పెరిగాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే చేపల గుంపుల్లా ఒకే వైపు తిరిగి, నిండుగా, ఏ లోపమూ లేనట్టే ఉన్నాయి. ఏవి మా పిల్లవో కనిపెట్టాలని కళ్ళు చిట్లించి చూసి, సిగ్గుపడి మానేసేదాన్ని.

పరీక్ష రోజున ప్రతి అంకె కణాల్లోకీ రెండు రకాల ఆర్ఎన్ఏను విడివిడిగా పంపించాం. ఒకటి కృత్రిమంగా చేసిన పొడవాటి జంటపోగు. రెండోది పొట్టిది, ఫ్లూను పట్టే ప్రొటీను కోసం. మర్నాడు కణాల మీది ద్రవం తీసి, తొంభై ఆరు గుంటల పళ్ళెంలో పోసి, ఇంటర్‌ఫెరాన్ ఎంత ఉందో కొలిచాం. ఉంటే గుంట నీలంగా మారుతుంది. చివర్లో ఆమ్లం చుక్క వేస్తే పసుపవుతుంది. లేకపోతే నీళ్ళలాగే ఉండిపోతుంది.

పొట్టి ఆర్ఎన్ఏ వేసిన గుంటలన్నీ నిమ్మపండు రంగుకు వచ్చాయి. పొడవాటిది వేసిన వాటిలో రెండు వరుసలు పసుపయ్యాయి. మూడో వరుసలోని ఎనిమిది గుంటలూ అలాగే ఉన్నాయి. నేను వెలుతురుకెత్తి చూశాను. నీళ్ళు.

మేడమ్ ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. చూడాల్సిన పనిలేదు.

దొరికిందని ఒక్క క్షణం సంబరపడ్డాను. ఆ వెంటనే అక్క చేతులు గుర్తొచ్చాయి. రక్తమొచ్చేదాకా చేతులు కడిగించాం. ఉద్యోగం మాన్పించాం. ఆ ఎనిమిది గుంటల్లో లేనిదాన్ని మా అక్క చేతుల్లో వెతికాం.

మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. ఆ తర్వాత మేడమ్ ఇంకొకటి చేయించింది. అవే కణాలకు బయటి నుంచి ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి, ఒక రోజు ఆగి, జలుబు వైరసును వదిలాం. ఇవ్వని కణాలు రెండో రోజుకే ముడుచుకుని పళ్ళెం మీంచి ఊడిపోయాయి. ఇచ్చినవి నిలబడ్డాయి. కబురు పంపడం రాదు గానీ, అందిన కబురును అర్థం చేసుకోవడం వాటికి వచ్చు. ఆ సాయంత్రం మేడమ్ నవ్వింది.

జన్యువు చదివే వేరే ల్యాబు కూడా అదే తేల్చింది. ఆ ప్రొటీనుకు సంబంధించిన జన్యువుకు పిచ్చుకలో ఉన్న రెండు ప్రతులూ చెడిపోయాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒక్కటే చెడినవాళ్ళకు ఏమీ కాదు, అందుకే అక్కకూ బావకూ ఎప్పుడూ ఏమీ తెలియలేదు.

ఆ కాగితాలు పట్టుకుని ఆదివారం పొద్దున్న అక్కవాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి బల్ల దగ్గర అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అత్తగారు అంతా విని, మా వంశంలో ఇలాంటివి లేవమ్మా అన్నారు. కాగితంలో తండ్రి అని ఉన్న గడిని వేలితో చూపించాను. ఆమె నా వేలు చూశారు గానీ గడి చూడలేదు. ఎక్కడో తారుమారై ఉంటుందన్నారు.

అప్పుడు బావ మాట్లాడాడు. "అమ్మా, అది నాది. సగం నాది. నువ్విచ్చిందో నాన్నిచ్చిందో గానీ నాలోంచే వెళ్ళింది."

ఆయన గొంతు అంత పెద్దగా ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అక్క పిల్ల పాలగ్లాసు కడుగుతూ, వీపు ఇటు పెట్టే అంది.

"ఇది ఏడాది కిందే అనాల్సింది. అప్పుడు కాగితం లేకపోయినా నోరుండేది కదా."

మర్నాడు మేడమ్ నివేదికతో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఈసారి కూర్చోమన్నాడు. నివేదిక రెండుసార్లు చదివాడు. ఇది చాలా అరుదనీ, ప్రపంచంలోనే కొద్దిమందిలో కనపడిందనీ, మన ఆసుపత్రికి ఇదొక విశేషమనీ అన్నాడు. ఇంటర్‌ఫెరాన్ సూది వాడటానికి నిపుణుల కమిటీ అనుమతి కావాలి, తానే రాస్తానన్నాడు. మాట ఇచ్చాడు, తర్వాత నిలబెట్టుకున్నాడు కూడా. అది ఒప్పుకోవాలి.

అక్క ఫైలు తెప్పించమంది. తెప్పించాడు. మూడో పేజీ తీసి ఆయన ముందు పెట్టింది.

"దీన్ని కొట్టెయ్యండి."

ఫైల్లో రాసింది కొట్టెయ్యకూడదనీ, అది నిబంధన అనీ, ఇప్పుడు అసలు కారణం తెలిసింది కాబట్టి ఆ మాటకు ప్రాధాన్యం లేదనీ అన్నాడు.

"రాసేటప్పుడు ఏ నిబంధన చూసి రాశారు?"

ఆయన ఫైలు మూయబోయాడు. అక్క వేలు అడ్డం పెట్టింది.

"నేను కౌంటరు మీద తప్పు టికెట్ కొడితే, కింద నా చేత్తో తప్పని రాసి సంతకం పెట్టాలి. ఎంత వరుస ఉన్నా సరే. మీకు పెన్ను నేను ఇస్తాను."

పెన్ను తీసి ఫైలు మీద పెట్టింది. ఆయన తన పెన్నే తీశాడు. ఆ వాక్యం కింద, 'పైది తప్పు. కారణం జన్యులోపం. తల్లి బాధ్యత లేదు' అని రాసి తేదీ వేశాడు. క్షమించమని మాత్రం అనలేదు. అక్క ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకుని లేచింది. బయటికి వచ్చాక, ఇప్పుడు మనసు కుదుట పడిందా అని అడిగాను. "ఆయన చేతిరాత ఇంకా బాగాలేదు" అంది.

నాలుగో జలుబు వానల మొదట్లో వచ్చింది. పిచ్చుకకు అప్పుడు మూడున్నరేళ్ళు. పొద్దున్న లేచేసరికి ముక్కు కారుతోంది. అక్క నాకు ఫోను చేసి ఒక్క మాటే అంది: మొదలైంది. తొమ్మిదింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాం. సూది మందు ఫ్రిజ్‌లో పిల్ల పేరు మీద సిద్ధంగా ఉంది. తొడకు ఇచ్చారు. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయింది. మందుకే జ్వరం వస్తుందని ముందే చెప్పారు, మామూలు మనుషులకు జలుబులో వచ్చే ఒళ్ళునొప్పులూ చలీ ఇంటర్‌ఫెరాన్ వల్లే కదా. పిచ్చుక జీవితంలో మొదటిసారి జలుబుకు సరిగ్గా జ్వరపడింది. ఎత్తుకోమని ఏడ్చింది, దించమని ఏడ్చింది, బావ చొక్కా గుండీ పీకేసింది. రెండో రోజు ఇంకో సూది. నాలుగో రోజు, అంతకుముందు మూడుసార్లూ పెదాలు నీలమైన రోజు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు తెల్లబడకుండా ఉన్నాయి. పిల్ల మంచం మీద నిలబడి, సెలైను కడ్డీకి బొమ్మను ఉరితీసే ప్రయత్నంలో ఉంది.

ఆరో రోజు ఇంటికి పంపించేశారు. ఆ మధ్యాహ్నం పిచ్చుక నిద్రపోతుంటే అక్క, నేను ఉతికిన బట్టలు మడత పెడుతున్నాం. ఇక భయం లేదు కదక్కా అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను.

అక్క చేతిలో ఉన్న గౌను మంచం మీద పడేసింది.

"నువ్వే కదూ ఉద్యోగం మానెయ్యమంది?"

అవునన్నాను.

"మా అత్తయ్యకు చదువు లేదు. మీ బావకు నోరు లేదు. ఆ డాక్టరుకు నేను లెక్కే లేదు. వాళ్ళు అన్నారంటే తెలియక అన్నారు. నువ్వు రోజూ చూసేదానివి. కణం ఏం చేస్తుందో, వైరసు ఏం చేస్తుందో అద్దంలో పెట్టుకుని చూసేదానివి. నీ కంటికి కూడా నా చేతులే కనపడ్డాయా? ఒక్కరోజైనా, మా అక్క సరిగ్గానే కడుగుతోంది, ఇంకేదో ఉందని అనుకోలేదా?"

ఫ్లూ సంగతి ఏడాది ముందే నా ముందు జరిగింది. ఎవరూ నా కళ్ళు మూయలేదు. మనసులో ఎక్కడో, మా అక్క కాస్త అజాగ్రత్త మనిషేనని నేనూ అనుకున్నాను. అది ఆమెకు అన్నాళ్ళూ తెలుసు.

"తప్పే అక్కా. నాదే తప్పు."

"అబ్బ, ఎంత తేలిగ్గా ఒప్పేసుకున్నావే. ఆ డాక్టరు ఒప్పుకోకుండా నీలిగాడు, కనీసం కోప్పడటానికి బాగుంది. నువ్వు ఇలా తప్పు తప్పని కూర్చుంటే నేను ఎవరి మీద పడి ఏడవాలి?"

అన్నాక నిజంగానే ఏడ్చింది. రెండేళ్ళలో మొదటిసారి. నేను దగ్గరికి వెళ్ళబోతే చేయి అడ్డం పెట్టింది. ముట్టుకోవద్దు, నీ మీద ఇంకా కోపంగానే ఉంది అంది. సరేనని పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. చాలాసేపటి తర్వాత ముఖం తుడుచుకుని, కౌంటరు మీద ఇప్పుడెవరో కొత్త పిల్ల ఉందట, వరుస బయట రోడ్డు దాకా వస్తోందట అంది. ఆ మాట అనేటప్పుడు గొంతులో ఉన్నది ఏడుపు కాదు.

తర్వాతి వారమే స్టేషనుకు వెళ్ళి ఉద్యోగం తిరిగి ఇమ్మని దరఖాస్తు పెట్టింది. కౌంటరు ఖాళీ లేదన్నారు. రాజీనామా చేసినవాళ్ళను మళ్ళీ తీసుకునే పద్ధతి లేదన్నారు. పై అధికారి గది ముందు కూడా కుర్చీలున్నాయి. ఈసారి నాలుగు రోజులే పట్టింది. పార్సిల్ ఆఫీసులో, పాత ఉద్యోగానికి ఒక మెట్టు కింద, పని ఇచ్చారు. మూటల మీద చీటీలు అతికించడం, బరువు రాయడం. అక్కడ మనుషుల చేతులు కనపడవని విసుక్కుంటుంది. కౌంటరు మీదికి మార్చమని ప్రతి మూడు నెలలకూ ఒక కాగితం పెడుతూనే ఉంది.

పిచ్చుక బడికి వెళ్తోంది. ఆ తర్వాత ఇంకో రెండు జలుబులు వచ్చాయి, రెండిటికీ సూదులు పడ్డాయి. వయసు పెరిగేకొద్దీ ఒంట్లోని మిగతా రక్షణలు పాత వైరసులను గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి ఈ బెడద తగ్గొచ్చని మేడమ్ అంటుంది. తగ్గుతుందని మాత్రం అనదు. అత్తగారు ఇప్పుడు పక్కింటివాళ్ళకు ఆ ప్రొటీను గురించి చెబుతున్నారు, సగం తప్పుగా. పిల్లను బడికి తీసుకెళ్ళేది బావ. అక్కకు పొద్దుటి డ్యూటీ.

నాతో అక్క మాట్లాడుతుంది. ఫోను చేస్తుంది, తిడుతుంది, సరుకులు తెమ్మంటుంది. ఒకరోజు వెళ్ళేసరికి బట్టలు మడత పెడుతూ ఉంది. నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. సరిగ్గా పట్టుకో, వంకరగా పోతోంది అంది.